టైపు మేడం ఆడిన ఆట

టైపు మేడం పోయిన పదో రోజు మధ్యాహ్నం ఆవిడ కూతురు నాకు ఫోన్ చేసింది.

"రేపు రావాలన్నా. నువ్వొక్కడివే కాదు, ఎదురుగా సెంటరు పెట్టుకున్నాడే, ఆయన్ని కూడా పిలుచుకోని రావాల."

"ఆయన్నా?" అన్నాను.

"ఆయన్నే. అమ్మ ఒక పొట్లం కట్టి పెట్టిపోయింది. మీరిద్దరూ వచ్చినాకనే విప్పమని పైన టైపు కొట్టి ఉండాది."

ఆ మాట చెప్పడానికి అతని సెంటరుకు వెళ్ళాను. పేరుకే కంప్యూటర్ సెంటరు. ఇప్పుడు అక్కడ జిరాక్సు తీస్తాడు, కొండమీద గదులకూ దర్శనాలకూ నెట్‌లో టికెట్లు తీసిపెడతాడు. నేను చెప్పింది విని, జిరాక్సు మిషను మూత దించాడు. తర్వాత ముఖం తేటపడింది.

"క్షమించేసి ఉంటాదన్నా," అన్నాడు. "ఎంతైనా గురువు కదా. పొయ్యేటప్పుడు మనసులో ఏమీ పెట్టుకోకుండా పోవాలనుకోని ఉంటాది."

ఆవిడ దగ్గర రెండేళ్ళు టైపు నేర్చుకున్నవాణ్ణి. ఆవిడ ఒకర్ని క్షమించగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

తిరుపతిలో మా తరానికి ఆవిడ టైపు మేడం. బస్టాండు నుంచి గుడివైపు వెళ్ళే సందులో కింద హాలు, పైన ఇల్లు. హాల్లో రెండు వరసల మిషన్లు. పొద్దున ఆరింటి బ్యాచికి పోతుంటే సందు మొదట్లోనే రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టు మిషన్ల చప్పుడు వినిపించేది. కొండమీద ఆఫీసుల్లోంచి వచ్చే ఉత్తరాల్లో సగం ఆవిడ చేతికింద తయారైన వేళ్ళు కొట్టినవే.

పొట్టి మనిషి. నూలు చీర, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం, కుడి చేతిలో అడుగుబద్ద. ఆ బద్దతో ఎవర్నీ కొట్టేది కాదు. మన తల మిషను మీదికి వంగితే వెనకనుంచి వచ్చి, బద్ద కొసను గడ్డం కింద పెట్టి మెల్లగా పైకి లేపేది.

"తల పైకెత్తు. వేళ్ళ మీద ఏముంది? చూపు కాగితం మీద."

రోజుకు ఎన్నిసార్లు అనేదో లెక్కలేదు. అప్పటికీ చూపు జారేవాళ్ళకు ఒక ఖాకీ గుడ్డ ఉండేది. దాన్ని కీలమీదా మన చేతులమీదా కలిపి కప్పేసేది. ఆ గుడ్డ కింద, చీకట్లో, మన వేళ్ళు వాటంతట అవి దారి వెతుక్కోవాలి. మొదటి వారం ఏడుపొచ్చేది. రెండో వారం దాటాక, కళ్ళు మూసినా పోదు ఆ విద్య.

అక్షరం తప్పు పడితే రబ్బరు తీసేవాళ్ళుండేవారు. ఆ రబ్బరు లాక్కునేది.

"టైపులో తుడుపు లేదప్పా. పడింది పడినట్టే. పేపరు దిద్దేవాడు తప్పును చూస్తాడు, నీ బాధను చూడడు."

బతుకులో కూడా అదే నియమం. పాలల్లో నీళ్ళు కలిపాడని ఒక పాలాయన్ని మాన్పించింది. పదేళ్ళ తర్వాత అతను మంచి గేదెను కొన్నాడని, మళ్ళీ పోయించుకోమని ఎవరో చెప్పబోతే, "గేదె మారింది. పిండే చెయ్యి అదే కదా," అన్నది.

సెంటరాయన మా తర్వాతి బ్యాచి. పాకాల వైపు పల్లె. వేళ్ళు చురుకైనవే గానీ చూపు నిలిచేది కాదు. మరీ షిఫ్ట్ కీ దగ్గర. పెద్దక్షరం కొట్టాలంటే ఒక చేత్తో అక్షరం, రెండో చేతి చిటికెన వేలితో షిఫ్ట్ నొక్కాలి. అలా చేతులు మార్చాల్సి వచ్చినప్పుడల్లా అతని తల టక్కున కిందికి పడేది. అరక్షణం, అంతే. ఆ అరక్షణంతోనే లోయరు పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి ఆవిడే పక్కన కూర్చుని, ఖాకీ గుడ్డ కప్పి, గట్టెక్కించింది. తర్వాత పొద్దుటి బ్యాచికి నేర్పడానికి అతన్నే పెట్టుకుంది. భోజనం పైన వాళ్ళింట్లోనే. కూతురికి పెట్టిన కంచం పక్కనే అతనికీ కంచం పెట్టేది.

కంప్యూటర్ల కాలం వచ్చింది. సందుకు అవతల, సరిగ్గా ఎదురుగా, అతను ఒక షాపు తీసుకున్నాడు. అందులో తప్పులేదు. ఆవిడ కూడా తప్పనలేదు. వెళ్ళేముందు అతను ఒకటి అడిగాడు. ఆవిడ మొట్టమొదట కొన్న తెలుగు టైపు మిషను.

"గుర్తుగా పెట్టుకుంటా మేడం."

ఆవిడ దానికి నూనె వేసి, కొత్త రిబ్బను ఎక్కించి, గుడ్డతో తుడిచి ఇచ్చింది.

సెంటరు తెరిచిన రోజున షాపు ముందు అద్దాల అరలో ఆ మిషను కనబడింది. ముందర రెండు అగరొత్తులు. మీద గంధపు దండ. పోయినవాళ్ళ ఫోటోలకు వేస్తామే, గంధపు పొట్టుతో అల్లిన దండ, అది. కింద అట్ట మీద రంగుల్లో రాయించాడు: "టైపు మిషనుకు కన్నీటి వీడ్కోలు. లోపల కంప్యూటర్ నేర్పబడును."

చూసినవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. అప్పట్లో జిల్లా పేజీకి వార్తలు రాసేవాణ్ణి. దాన్ని ఫోటో తీయించి, కింద రెండు వాక్యాలు చమత్కారంగా రాసి పంపాను. అచ్చయింది.

మర్నాడు ఆవిడ పిలిపించింది. కత్తిరించిన ఆ ముక్కను నా ముందు పెట్టింది.

"అక్షరదోషాలు లేవు," అన్నది. ఆ రోజు నుంచి ఆవిడ ఏ పని చెప్పినా నేను కాదనలేదు.

ఒకే ఒక్కసారి ఆవిడ సందు దాటి వెళ్ళి మిషను తిరిగి ఇవ్వమని అడిగింది. లోపల పదిమంది ఉన్నారు. వాళ్ళ ముందర అతను నవ్వుతూ అన్నాడట: "మీరిచ్చిందే కదా మేడం. షాపుకు దిష్టిబొమ్మ మాదిరి బాగా పనికొస్తా ఉండాది. ఉండనీండి."

ఆవిడ వెనక్కి తిరిగి సందు దాటి వచ్చేసింది.

హాల్లో పిల్లలు తగ్గడానికి ఆ దండ ఒక్కటే కారణమని నేననను. కాలం కూడా కారణమే. కానీ పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తండ్రులకు సందులోకి రాగానే మొదట కనబడేది ఆ అద్దాల అర. చచ్చిన విద్యకు డబ్బు కట్టడమెందుకని అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేవాళ్ళు. ఏడాదిలో హాలుకు తాళం పడింది. పైన ఆవిడ ముందుగది కిటికీ తెరిస్తే నేరుగా కనబడేది ఆ దండే. ఆవిడ ఆ కిటికీని ఒక్కరోజు కూడా మూయలేదు. మూయమని కూతురు పోరేది. "కనబడనీ మే," అనేది.

రెండువేల ఏడో ఎనిమిదో. సెంటరాయన పెద్ద టీవీ పెట్టి, దానికి వీడియో గేమ్ పెట్టె తగిలించాడు. కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. ఇద్దరు మల్లులు ఒకర్నొకరు తన్నుకునే ఆట ఒకటి ఉండేది. అందులో అతన్ని కొట్టేవాడు తిరుపతిలో లేడు. నెట్ ద్వారా బయటి ఊళ్ళవాళ్ళతో కూడా ఆడేవాడు. వాకిట్లో బోర్డు పెట్టించాడు: "రోజూ సాయంత్రం ఆరుకు పందెం. ఎదురుగా వచ్చినా సరే, నెట్‌లో వచ్చినా సరే. నన్ను ఓడించినవాళ్ళు షాపులో ఏది అడిగితే అది." కింద నెట్‌లో తన ఆటపేరు.

వారం తర్వాత ఆవిడ నన్ను పిలిపించి కిటికీ దగ్గర నిలబెట్టింది.

"ఏమప్పా, ఆ బోర్డు చదివినావా?"

"చదివినా మేడం."

"ఏది అడిగితే అది ఇస్తాడంట."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. "ఆ ఆట పిల్లకాయలది మేడం. మీరు పోయి అడిగితే ఇవ్వడా ఏంది మిషను? నేనొచ్చి చెప్తా."

"అడిగినా కదా ఒకసారి. ఇంకోసారి అడుక్కోను. గెల్చుకుంటా."

"అయితే నేరుగా పోయి ఆడండి."

"నేరుగా పోతే నవ్వుతాడు. ముసిలామె ముచ్చట పడతా ఉందని ఒక ఆట వదిలేస్తాడు. వాడు వదిలేసింది నాకెందుకు?"

చెన్నైలో ఆవిడ తమ్ముడు ఎలక్ట్రానిక్ సామాన్ల వ్యాపారం చేసేవాడు. ఆవిడే వెళ్ళి వీడియో గేమ్ పెట్టెను పాత చీరలో చుట్టి బస్సులో తెచ్చుకుంది. తడ దగ్గర చెక్‌పోస్టులో మూట విప్పించారట.

"ఏందమ్మా ఇది?"

"పిల్లకాయలకు బుద్ధి చెప్పేది," అన్నదట. పోనిచ్చారు.

ఆవిడ నేర్చుకున్న తీరు చూడాలి. ఆ ఆటలో ఒక్కో దెబ్బకు మీటల వరస ఉంటుంది. కింద, ముందు, గుద్దు. వెనక్కి, కింద, తన్ను. అవన్నీ కాగితం మీద పాఠాలుగా రాసుకుంది. ఒక్కో పాఠం పది వరసలు. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటి వరస నుంచి. టైపు కాగితం నిలబెట్టే చెక్క స్టాండును టీవీ పక్కన పెట్టుకుంది. జాయ్‌స్టిక్ పట్టుకున్న చేతుల మీద ఖాకీ గుడ్డ కప్పుకుంది. తన మల్లుగా ఎర్ర లంగోటా కట్టిన బట్టతల ముసలాణ్ణి ఎంచుకుంది. "వీడికి బరువెక్కువ, తొందర తక్కువ," అన్నది మెచ్చుకోలుగా.

కూతురు రేణిగుంటలో ఒక గోడౌనులో పనిచేసేది. ఇంటికి రాగానే నాతో మొరపెట్టుకునేది. "సూడన్నా, పొయ్యి మీద పప్పు మాడిపోతా ఉండాది, అమ్మ ఎవుర్నో తన్నతా ఉండాది."

"పప్పు మళ్ళీ వండుకోవచ్చు లేవే," అనేది ఆవిడ, చూపు తిప్పకుండా.

పెట్టెను నెట్‌కు కలపడం కూడా ఆవిడే చేసుకుంది. టెలిఫోను తీగ మోడెంలోకి, మోడెం నుంచి ఇంకో తీగ పెట్టెలోకి. మోడెంలో కొట్టాల్సిన అంకెల వరసలు తమ్ముడు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితాన్ని స్టాండుకు తగిలించి, పెట్టెకు తగిలించిన కీబోర్డు వైపు ఒక్కసారి కూడా చూడకుండా కొట్టేసింది. ఆటపేరు పెట్టమని అడిగితే, టైపు నేర్చుకునేవాడు మొదటి రోజు కొట్టే మొదటి పాఠం కొట్టింది. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్.

"గుర్తుపట్టేస్తాడు మేడం," అన్నాను.

"పట్టడు. వాడు ఆ అక్షరాలను కాగితం మీద ఎప్పుడు చూసినాడు? వేళ్ళ మీదనే కదా చూసింది."

ఆరు నెలలు అయ్యాక ఒక సాయంత్రం ఆరుకు పందేనికి దిగింది. నేను పక్కనే ఉన్నాను. మూడు నిమిషాలు బాగానే సాగింది. ముసలాడు మెల్లగా నడిచి వెళ్ళి రెండు దెబ్బలు వేశాడు. ఇంతలో టెలిఫోను మోగింది. టీవీలో బొమ్మలు బిగుసుకుపోయాయి. ఆట తెగిపోయింది. మోడెం మీద పచ్చగా వెలగాల్సిన దీపం కొట్టుకుంటోంది.

ఎదుటి షాపులోంచి అతని గొంతు కిటికీలోకి నేరుగా వచ్చింది.

"పారిపోయినాడ్రోయ్! దెబ్బలు తట్టుకోలేక వైరు పీకేసినాడు!"

పిల్లల ఈలలు. ఆవిడ జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఫోన్ చేసింది కూతురు. రేణిగుంటలో బస్సెక్కానని రోజూ ఆ టైంకు చెబుతుంది.

కూతుర్ని ఫోన్ చేయొద్దంది. మర్నాడు ఇంకెవరో చేశారు. తెగిపోయింది. ఆ మర్నాడు ఎవరూ చేయలేదు, అయినా మధ్యలో రెండుసార్లు దీపం కొట్టుకుని ఆట తెగింది. నాలుగోరోజు ఎదుటి షాపు బోర్డు మీద కొత్త వాక్యం చేరింది: "వైరు పీకే పిరికోళ్ళకు ప్రవేశం లేదు."

ఆవిడ దాన్ని కిటికీలోంచి చదివింది. దండ పెట్టిన రోజు కూడా ముఖంలో అంత ఎరుపు చూడలేదు నేను.

"ఏమన్నా అననీ. పిరికి అంటాడా? పరీక్ష హాల్లోంచి మధ్యలో లేచిపోయిన మొఖమా నాది?" అన్నది. "సందు అడ్డం ఇరవై అడుగులు లేదు. నా దెబ్బ యాడికి పోయి చస్తా ఉందో కనుక్కోవాల."

లైన్‌మన్ ఒకాయన నాకు తెలుసు. ఆ వీధుల్లో పాతికేళ్ళుగా స్తంభాలెక్కిన మనిషి. గడ్డం నెరిసిన సాయిబు. తీసుకొచ్చాను. ఆయన స్తంభం దగ్గర తన ఫోన్ తగిలించి చూశాడు, మెట్లెక్కి వచ్చి మోడెం చూశాడు, గోడ వెంబడి తీగను వేళ్ళతో తడుముకుంటూ నడిచాడు.

"బయట లైను బంగారంగా ఉండాదమ్మా. రోగం ఇంట్లోనే ఉండాది," అన్నాడు. "పైన ఫోనుకు స్ప్లిట్టర్ పెట్టుకున్నారు. మాటను ఒక పక్కకు, నెట్‌ను ఒక పక్కకు విడదీస్తాది ఆ డబ్బీ. బాగుండాది. మరి ఈ తీగ కిందికి పోతా ఉందే. కింద ఇంకో ఫోనుందా?"

ఆవిడ తాళంచెవి తీసుకుని ముందు నడిచింది.

చాలా రోజుల తర్వాత ఆ హాల్లో అడుగుపెట్టాను. మిగిలిన నాలుగు మిషన్లూ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. ఆవిడ బల్ల మీద నల్లటి పాత ఫోను. గదంతా దుమ్ము, ఫోను మీద మాత్రం దుమ్ము లేదు.

లైన్‌మన్ రిసీవరు ఎత్తి చెవిదగ్గర పెట్టుకున్నాడు. "ఇదమ్మా దొంగ. దీనికి స్ప్లిట్టర్ లేదు. ఎవురు రింగిచ్చినా ఈ ఫోను మోగి మోడెంను పడేస్తాది. మోగకపోయినా గోడలో తేమకు గొణుగుతానే ఉంటాది. దీన్ని తీసేస్తే సరి."

"దానికీ ఒక స్ప్లిట్టర్ పెట్టలేమా?"

"పెట్టొచ్చు. వైరే పుచ్చిపోయిందమ్మా, మళ్ళా గొణుగుతాది. ఈ ఫోనుతో ఏం పనుండాది మీకు? ఎవురన్నా చేస్తారా?"

"పోయిన జూన్‌లో ఒకటి వచ్చింది," అన్నదావిడ.

"ఎవురు?"

"రాంగు నంబరు."

ఆ ముసలాయన రిసీవరు మెల్లగా పెట్టేశాడు. హాలు మూసినా చేరేవాళ్ళెవరైనా చేస్తారేమోనని ఆవిడ ఆ ఫోను ఉంచిందని నాకు అప్పుడే తెలిసింది. పైన మోగితే పైన ఎత్తి మాట్లాడొచ్చు. నంబరు ఒకటే. అయినా ఆవిడకు అడ్మిషన్ల ఫోను కిందే మోగాలి.

లైన్‌మన్ కటింగ్ ప్లేయరు తీశాడు. ఆవిడ చెయ్యి చాపింది.

"ఇట్లివ్వు. నేనే కోస్తా."

గోడ మొదట్లో తీగను పట్టుకుని ఒక్క నొక్కు నొక్కింది. టక్ మంది. తెగిన కొసను చూస్తూ, "ఈ లెక్క కూడా వాడి మీదనే పడాల," అన్నది.

పైకి వచ్చి నా సెల్‌తో ఆవిడ ఇంటికి రింగిచ్చాను. పైన ఫోను మోగింది. మోడెం మీద దీపం కదల్లేదు. లైన్‌మన్ కాఫీ తాగి, టీవీలో ముసలాడు ఒకణ్ణి ఎత్తి కుదేయడం చూసి, "అరె, బలే తాతే!" అని మెచ్చుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆవిడ నన్ను తన దగ్గర ఉండనివ్వలేదు. "నువ్వు ఎదర షాపులో ఉండు. సాక్షి కావాల. ఇంకోటి చెప్తా విను. ఈ ఆటలో ఒకడి మీదినుంచి ఇంకొకడు దూకితే పక్కలు మారతాయి. పక్క మారితే మీటలు తిరగేసి నొక్కాల. వాడి తల మీద కన్నేసి పెట్టు."

"ఎందుకు మేడం?"

"షిఫ్ట్ కీ," అన్నది.

సెంటరులో పాతికమంది పిల్లలున్నారు. టీవీ మీద ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అని కనబడగానే ఈలలు వేశారు. అతను చెవులకు మైకు తగిలించుకుంటూ, "వచ్చినాడ్రా వైరు పీకుడు. ఈ రోజు ఎన్ని నిమిషాలు ఉంటాడో సూద్దాం," అన్నాడు. అవతలి మనిషి గొంతు టీవీలోంచి వచ్చేలా పెట్టుకునేవాడు, ఓడినవాళ్ళ మూలుగులు పిల్లలకు వినిపించడానికి. అవతలనుంచి ఏ శబ్దమూ లేదు.

అయిదు రౌండ్లు. మొదటిది అతనే గెలిచాడు. రెండో రౌండు మొదలవగానే బట్టతల ముసలాడు ముందుకు నడవడం మానేసి ఒక్కసారి ఎగిరి, అతని మల్లు నెత్తిమీదుగా అవతలికి దూకాడు. నేను టీవీ వైపు చూడలేదు. సెంటరాయన తల టక్కున కిందికి పడింది. అరక్షణం. తిరిగి ఎత్తేసరికి అతని మల్లు నేలమీద ఉన్నాడు.

మళ్ళీ దూకాడు ముసలాడు. మళ్ళీ తల కిందికి. మళ్ళీ దెబ్బ. ఆ రౌండు ఆవిడది. మూడోది ఎలాగో నెట్టుకొచ్చి గెలిచాడు గానీ నాలుగోది మళ్ళీ ఆవిడదే. అతని మెడ వెనక చెమట పట్టింది. పిల్లలు చప్పుడు తగ్గించారు. బయట సందులోకి చూశాను. ఎదుటి మేడ కిటికీలో టీవీ వెలుగు మాత్రం కనబడుతోంది.

అయిదో రౌండులో ముసలాడు ఆగకుండా అటూ ఇటూ దూకాడు. అతని తల చెట్టుమీద తొండలాగా కిందికీ పైకీ ఊగింది. చివరి దెబ్బ పడ్డప్పుడు అతను టీవీ చూడటమే లేదు. చేతుల్లో మీటలను చూస్తున్నాడు.

"ఎవురన్నా నువ్వు? చెన్నైనా?" అన్నాడు మైకులో. "ఎట్ల కొట్టినావు?"

టీవీలోంచి జవాబు వచ్చింది. పాతికమందికీ వినబడేలా.

"తల పైకెత్తరా. వేళ్ళ మీద ఏముంది?"

జాయ్‌స్టిక్ అతని చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. నిజంగానే తల పైకెత్తాడు. ఎత్తి ఆ టీవీకేసి, తర్వాత వాకిలి కేసి చూశాడు. అప్పటికే ఆవిడ సందు దాటి వస్తోంది. చేతిలో అడుగుబద్ద.

"ఏది అడిగితే అదే కదప్పా?"

"మేడం... తప్పయిపాయ మేడం. ఏదో చిన్నతనం. ఆ పొద్దే ఇచ్చేసి ఉండాల్సింది."

"టైపులో తుడుపు లేదు. దండ తియ్యి ముందు."

అద్దాల అర తెరిచి అతనే దండ తీశాడు. ఆవిడ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అతను మిషను ఎత్తబోతే బద్ద అడ్డం పెట్టింది.

"క్యారేజి లాక్ చెయ్యకుండానే ఎత్తుతావా? అది కూడా మర్చిపోయినావా?"

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతను కాగితంతోబాటు అటూ ఇటూ జరిగే ఆ క్యారేజిని బిగించి, రెండు చేతులా మిషను మోసుకుంటూ సందు దాటాడు. వెనక ఆవిడ, ఆవిడ వెనక నేను, నా వెనక పాతికమంది. హాలు బల్ల మీద, నల్ల ఫోను ఉండే చోట, పెట్టించుకుంది.

అక్కడితో ఆగి ఉంటే ఆవిడ టైపు మేడం కాదు. మర్నాడు ఆరుకు మళ్ళీ దిగింది. ఆ మర్నాడు కూడా. "ఒకసారి గెలిస్తే పొరపాటున గెలిచిందంటారు. స్పీడు పరీక్ష పూర్తిగా రాయాల కదా," అన్నది. అతను నెట్‌లో ఆటపేరు మార్చుకున్నాడు. రెండు ఆటల్లో పట్టేసింది. పక్క మారినప్పుడు ఎదుటి మల్లు అరక్షణం దిక్కులేనివాడిలా నిలబడితే చాలు. మళ్ళీ పేరు మార్చాడు. మళ్ళీ పట్టింది. రెండు నెలలకు బోర్డు దిగింది. నాలుగో నెలలో టీవీ, పెట్టె అమ్మేసి జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. ఆ రోజు ఆవిడ తన వీడియో గేమ్ పెట్టెకు ఖాకీ గుడ్డ కప్పి, నాలుగు టైపు మిషన్ల పక్కన పెట్టేసింది.

ఎదురెదురు వాకిళ్ళు కాబట్టి తర్వాత ఎన్నో ఏళ్ళు రోజూ ఒకరికొకరు కనబడ్డారు. అతను నమస్కారం పెట్టేవాడు. ఆవిడ చూపు కాగితం మీద ఉన్నట్టే నేరుగా వెళ్ళిపోయేది.

నన్ను మాత్రం ఒక వార్త రాయమంది. రాసి పంపాను. దీంట్లో వార్తేముందని డెస్కులో పడేశారు. ఆ సంగతి చెబితే, "రాయి. ఎప్పటికైనా రాయి. మొదటిది రాసింది నువ్వే కదా," అన్నది. అందుకే ఇది రాస్తున్నాను. అక్షరదోషాలు లేకుండా చూసుకుంటున్నాను.

పదకొండో రోజు పొద్దున ఇద్దరం కలిసి సందు దాటాం. అతను తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతిలో బంతిపూల దండ. ముందుగదిలో కుర్చీ మీద ఆవిడ ఫోటో. బొట్టు పెట్టి, దీపం వెలిగించారు. దండ లేదు. అతను పూలదండ ఎత్తబోతే కూతురు చెయ్యి అడ్డం పెట్టింది.

"పొట్లం విప్పేదాకా ఏ దండా వెయ్యొద్దని చెప్పిందన్నా."

పొట్లానికి చుట్టింది ఖాకీ గుడ్డ. చుట్టాలంతా చూస్తుండగా కూతురు విప్పింది. లోపల గంధపు దండ. రంగు మారి బెల్లంలాగా అయింది, వాసన ఇంకా సన్నగా ఉంది. దాని మీద మడిచిన కాగితం.

"నువ్వే చదువన్నా," అని నాకిచ్చింది.

ఒత్తులు కొంచెం పక్కకు జరిగే ఆ తెలుగు మిషను మీదే కొట్టింది. ఒక్క తప్పు లేదు. పైకి చదివాను.

"ఆ రోజు తొందరపడినావు. ఇప్పుడు వెయ్యి."

అతను పూలదండను కింద ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికిచ్చాడు. గంధపు దండ తీసుకున్నాడు. ఎప్పుడో తను విప్పిన దారమే, మళ్ళీ ఫోటో వెనక ముడి వేయాలి. తల టక్కున కిందికి వంచి, వేళ్ళను చూసుకుంటూ ముడి వేశాడు.

ఈసారి తల పైకెత్తమని ఎవరూ అనలేదు.